జీవిత భాగస్వామి స్పాన్సర్‌షిప్ వలస దరఖాస్తు: చిక్కులు, పరిష్కార మార్గాలు (జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల సందర్భం)

విదేశంలో పౌరసత్వం గానీ శాశ్వత నివాస హక్కు గానీ ఉన్నవారు తమ భర్తనో భార్యనో ఆ దేశానికి రప్పించుకుని కలిసి ఉండేందుకు అక్కడి ప్రభుత్వానికి పెట్టుకునే అర్జీని జీవిత భాగస్వామి స్పాన్సర్‌షిప్ దరఖాస్తు అంటారు. అర్జీ పెట్టే వ్యక్తి స్పాన్సర్. వీసా కోరే వ్యక్తి దరఖాస్తుదారు లేదా లబ్ధిదారు. ఉద్యోగ వీసా మీద ఉన్నవారి భార్య లేదా భర్తకు ఇచ్చే డిపెండెంట్ వీసా దీనికి దగ్గరిదే గాని, చట్టం దృష్టిలో వేరు. అది ప్రధాన వీసాదారు హోదాకు కట్టుబడి ఉంటుంది, ఆ హోదా పోతే అదీ పోతుంది.

పాత వరంగల్ జిల్లా నుంచి 2016 అక్టోబరు 11న విడివడిన జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల కుటుంబాలు ఈ అర్జీల్లో ఎదుర్కొనే ఇబ్బందుల్లో విదేశీ చట్టం కాఠిన్యం పాలు కొంతే. పెద్ద పాలు స్థానిక రికార్డులదీ, పెళ్లి ఆచారానికీ కాగితానికీ మధ్య ఉన్న ఎడానిదీ. అందుకే ఈ వ్యాసం ఆ భాగం మీద ఎక్కువసేపు ఆగుతుంది.

చారిత్రక నేపథ్యం

భారతీయ వివాహం విదేశీ వలస అధికారి ముందు నిలవకపోవడం నిన్న మొన్నటి సమస్య కాదు. 1860 నుంచి 1911 వరకు కాంట్రాక్టు కూలీలుగా నాటల్‌కు వెళ్లినవారిలో మద్రాసు ప్రెసిడెన్సీ తీర జిల్లాల తెలుగువారు చాలామంది ఉన్నారు. 1913 మార్చిలో దక్షిణాఫ్రికాలోని కేప్ న్యాయస్థానంలో జస్టిస్ సర్ల్ ఒక వలస కేసులో తీర్పు ఇస్తూ, క్రైస్తవ పద్ధతిలో జరగని, రిజిస్టర్ కాని పెళ్లికి చట్టబద్ధత లేదన్నారు. దాంతో అక్కడి భారతీయుల భార్యలు ఒక్క కలంపోటుతో భార్యలు కాకుండా పోయారు. ఆ ఏడాది గాంధీ నడిపిన సత్యాగ్రహంలో స్త్రీలు జైళ్లకు వెళ్లడానికి ఈ తీర్పు ఒక ముఖ్య కారణం. 1914 ఇండియన్ రిలీఫ్ చట్టం ఆ పెళ్లిళ్లకు గుర్తింపునిచ్చింది.

అమెరికాలో 1946 లూస్-సెల్లర్ చట్టం భారతీయులకు ఏడాదికి 100 మంది కోటా ఇచ్చింది. 1965 చట్టం జాతుల వారీ కోటాలను తీసివేసి కుటుంబ కలయికను వలస విధానానికి మూలస్తంభం చేసింది. వరంగల్‌లో 1959లో మొదలైన ప్రాంతీయ ఇంజినీరింగ్ కళాశాల, 1976లో ఏర్పడిన కాకతీయ విశ్వవిద్యాలయం నుంచి చదువుకున్నవారు విదేశాలకు దారి పట్టింది ఈ చట్టం తర్వాతే. దొంగ పెళ్లిళ్లను అరికట్టేందుకు 1986లో అమెరికా షరతులతో కూడిన గ్రీన్ కార్డును తెచ్చింది. బ్రిటన్‌లో, పెళ్లి ముఖ్యోద్దేశం దేశంలోకి రావడమేనని అధికారి భావిస్తే చాలు, వీసా నిరాకరించగలిగే నిబంధన 1997 వరకు నడిచింది. అది రద్దయినా ఆ అనుమానపు చూపు మాత్రం ఏ దేశపు కౌంటర్ నుంచీ పూర్తిగా పోలేదు.

దేశాలవారీ పద్ధతులు

అమెరికా: స్పాన్సర్ ఐ-130 ఫారంతో అర్జీ పెడతారు. పౌరుల భార్యాభర్తలకు వార్షిక పరిమితి లేదు. గ్రీన్ కార్డుదారుల భార్యాభర్తలు ఎఫ్2ఏ తరగతి కింద పరిమితికి లోబడి వరుసలో నిలబడాలి. అర్జీ ఆమోదం పొందాక నేషనల్ వీసా సెంటర్, డీఎస్-260 ఫారం, ఐ-864 ఆర్థిక హామీ పత్రం, వైద్య పరీక్ష, ఇంటర్వ్యూ వరుసగా వస్తాయి. స్పాన్సర్ ఆదాయం ప్రభుత్వం ప్రకటించే పేదరిక ప్రమాణంలో కనీసం 125 శాతం ఉండాలి. చాలకపోతే మరొకరు సహ హామీదారుగా నిలవవచ్చు. విడాకులైనంత మాత్రాన ఈ హామీ రద్దు కాదన్నది సంతకం పెట్టే బంధువులకు ముందే చెప్పాల్సిన మాట. భారతీయుల వలస వీసా ఇంటర్వ్యూలు ప్రధానంగా ముంబైలో జరుగుతాయి. 2023 నుంచి నానక్‌రాంగూడలో ఉన్న హైదరాబాద్ కాన్సులేట్ విద్యార్థి, ఉద్యోగ, డిపెండెంట్ వీసాలకు పేరుపడింది కాబట్టి, ముంబై వెళ్లాలని పిలుపు వచ్చేదాకా ఈ సంగతి తెలియనివారు ఉంటారు.

కెనడా: 2002లో అమల్లోకి వచ్చిన వలస, శరణార్థుల రక్షణ చట్టం దీనికి ఆధారం. పౌరులు, శాశ్వత నివాసులు ఇద్దరూ స్పాన్సర్ చేయవచ్చు. భార్యాభర్తల విషయంలో కనీస ఆదాయ షరతు సాధారణంగా లేదు. మూడేళ్ల పోషణ బాధ్యత పత్రం మాత్రం రాసివ్వాలి. ఫోన్‌లో, వీడియోలో, ప్రతినిధి ద్వారా జరిగిన పెళ్లిళ్లను 2015 జూన్ నుంచి అంగీకరించడం లేదు. ఫోన్ నిఖా చేసుకున్న కుటుంబాలకు ఇది నేరుగా తగులుతుంది.

బ్రిటన్: స్పాన్సర్ కనీస వార్షికాదాయం 2012 నుంచి 18,600 పౌండ్లుగా ఉండేది. 2024 ఏప్రిల్ 11న అది 29,000కు పెరిగింది. వచ్చే వ్యక్తికి ప్రాథమిక స్థాయి ఆంగ్ల పరీక్ష తప్పనిసరి.

ఆస్ట్రేలియాలో తాత్కాలిక, శాశ్వత దశలు రెండు. ఆర్థిక వ్యవహారాలు, ఇంటి నిర్వహణ, సామాజిక గుర్తింపు, పరస్పర నిబద్ధత అనే నాలుగు కోణాల్లో బంధాన్ని తూకం వేస్తారు. గల్ఫ్ దేశాల్లో శాశ్వత నివాసం అన్న మాటే అరుదు. యూఏఈలో 4,000 దిర్హాముల జీతం, లేదా 3,000 దిర్హాములతోపాటు వసతి ఉన్న ఉద్యోగి భార్యను నివాస వీసా మీద తెచ్చుకోవచ్చు.

స్థానిక రికార్డుల చిక్కులు

జిల్లా పేరు: ఈ మూడు జిల్లాల్లో 2016కు ముందు పుట్టినవారి పాస్‌పోర్టులో పుట్టిన జిల్లా సాధారణంగా వరంగల్ అని ఉంటుంది. కాటారం, మహాదేవపూర్ వాసులకు కరీంనగర్ అని ఉంటుంది. ఆ మండలాలు కరీంనగర్ నుంచి వచ్చి భూపాలపల్లిలో చేరాయి. గార్ల, బయ్యారం ఖమ్మం నుంచి మహబూబాబాద్‌కు వచ్చాయి. 2019లో ములుగు వేరు కావడంతో భూపాలపల్లి హద్దులు మరోసారి మారాయి. వీటన్నిటికీ తోడు 2014 జూన్ 2కు ముందు జారీ అయిన ప్రతి ధ్రువపత్రం మీద రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. బయ్యారంలో పుట్టిన యువతి పదో తరగతి మెమో, పాస్‌పోర్టు ఖమ్మం జిల్లా, ఆంధ్రప్రదేశ్ అంటాయి. పెళ్లి పత్రం మహబూబాబాద్ జిల్లా, తెలంగాణ అంటుంది. ఊరు ఒకటే, కాని విదేశీ అధికారికి అవి రెండు వేర్వేరు చోట్లు. జిల్లాల పునర్విభజన ఉత్తర్వు ప్రతిని, ఒక చిన్న వివరణ లేఖను జతచేస్తే ఇది సమసిపోయే చిక్కే. జతచేయకపోతే నెలల ఆలస్యం. మహబూబాబాద్‌ను జనం మానుకోట అంటారు గనుక పాత కాగితాల్లో ఆ పేరు కూడా కనబడవచ్చు. జనగామ పేరు ఆంగ్ల అక్షరక్రమం రెండు మూడు రకాలుగా చెలామణిలో ఉంది.

పుట్టిన తేదీ: ఇంట్లో మంత్రసాని చేతిలో పుట్టి, బడిలో వేసినప్పుడు పంతులు రాసిన తేదీతో పెరిగినవారు తాండాల్లో, గూడేల్లో ఇప్పటికీ ఉన్నారు. జనన మరణాల నమోదు చట్టం 1969 నాటిది. అప్పట్లో నమోదు కాని జననానికి పంచాయతీ లేదా మున్సిపాలిటీ నుంచి రికార్డు అందుబాటులో లేదన్న పత్రం తీసుకోవాలి. దానితోపాటు తల్లిదండ్రుల లేదా దగ్గరి బంధువుల అఫిడవిట్, పదో తరగతి మెమో పెట్టడం అమెరికా దరఖాస్తుల్లో వాడుక. ఏడాది దాటిన జననాన్ని ఆలస్యంగా నమోదు చేయించుకోవడానికి చట్టంలో మార్గం ఉంది. 2023 సవరణ తర్వాత ఆ అధికారం జిల్లా, సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్ల స్థాయిలో ఉంది. పెళ్లి కుదిరాక హడావుడిగా ఆ నమోదు చేయించి, తేదీ మెమోతో సరిపోలకపోతే కొత్త పత్రం మేలు కంటే కీడే ఎక్కువ చేస్తుంది.

పేర్లు: తెలుగువారిలో ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసి మొత్తం పేరును ఒకే గడిలో రాయించుకున్నవారికి అమెరికా పత్రాలు 'ఎఫ్ఎన్‌యూ' అన్న ముద్ర వేస్తాయి, అంటే మొదటి పేరు తెలియదని. ఆ మూడు అక్షరాలు డ్రైవింగ్ లైసెన్సు మీదా బ్యాంకు ఖాతా మీదా వెంట వస్తాయి. పెళ్లి తర్వాత ఆధార్‌లో భర్త ఇంటిపేరు మార్చి, పాస్‌పోర్టులో మార్చకుండా అర్జీ పెట్టడం మరో సాధారణ తప్పు. అన్ని కాగితాల్లో పుట్టింటి పేరే ఉంచుకుని వీసా వచ్చాక మార్చుకోవడం నిరపాయకరం.

అనువాదం, అపోస్టిల్: తెలుగులో ఉన్న పంచాయతీ పత్రాలకు ఆంగ్ల అనువాదం, అనువాదకుడి ధ్రువీకరణ కావాలి. కెనడాకు కుటుంబసభ్యులు చేసిన అనువాదం చెల్లదు. భారత్ 2005 నుంచి అపోస్టిల్ ఒప్పందంలో ఉంది, కెనడా 2024 జనవరిలో చేరింది. యూఏఈ, కువైట్, ఖతార్ ఆ ఒప్పందంలో లేవు కాబట్టి వాటికి రాయబార కార్యాలయం ముద్ర వేరుగా వేయించాలి.

వివాహ నమోదు, చెల్లుబాటు

హిందూ వివాహ చట్టం ప్రకారం పెళ్లిని పెళ్లి చేసేది ఆచారం. నమోదు దానికి రుజువు మాత్రమే. నమోదు కానంత మాత్రాన పెళ్లి చెల్లకుండా పోదు. విదేశీ వలస శాఖకు మాత్రం ప్రభుత్వ ధ్రువపత్రమే కావాలి. గుడిలో ఇచ్చిన రసీదు, ఫంక్షన్ హాలు బిల్లు, శుభలేఖ దానికి బదులు కావు. 2002 నాటి తప్పనిసరి వివాహ నమోదు చట్టం తెలంగాణలోనూ అమల్లో ఉంది. గ్రామాల్లో పంచాయతీ కార్యదర్శి వద్ద, హిందూ వివాహ చట్టం కింద అయితే సబ్ రిజిస్ట్రార్ వద్ద నమోదు చేయించుకోవచ్చు. మూడు వారాల సెలవు మీద వచ్చిన వరుడు తిరుగు విమానం ఎక్కేలోగా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఇద్దరూ సాక్షులతో హాజరై సంతకాలు చేయడమే ఇక్కడ అసలు పరీక్ష. మూఢం రాకముందు ముహూర్తం, వ్రతం, తిరుపతి, ఆ తర్వాత తీరిక దొరికితే రిజిస్ట్రేషన్ అన్న వరుసలో పెట్టుకుంటే కాగితం వచ్చే ఏడాది సెలవుకు వాయిదా పడుతుంది.

దీనికి భయపడి కొందరు ముందే రిజిస్ట్రేషన్ చేయించి, వీసా పని మొదలుపెట్టి, పెళ్లి తంతు తర్వాత జరుపుతున్నారు. 2024 ఏప్రిల్ 19న సుప్రీంకోర్టు డాలీ రాణి కేసులో ఈ పోకడనే ప్రస్తావించింది. సప్తపది వంటి క్రతువు జరగకుండా పొందిన పత్రంతో హిందూ వివాహం ఏర్పడదని, విదేశీ వీసాల కోసం ఇలా చేయడం తగదని చెప్పింది. ముందు కాగితం, తర్వాత పెళ్లి అనుకునేవారికి ప్రత్యేక వివాహ చట్టం, 1954 ఉంది. అందులో క్రతువు అవసరం లేదు, 30 రోజుల నోటీసు అవసరం.

లంబాడా, కోయ కుటుంబాల విషయం వేరు. లంబాడాలు తెలంగాణలో షెడ్యూల్డ్ తెగ. మహబూబాబాద్ జిల్లాలో వారి తాండాలు అధికం. హిందూ వివాహ చట్టంలోని 2(2) సెక్షన్ ప్రకారం, కేంద్రం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప ఆ చట్టం షెడ్యూల్డ్ తెగలకు వర్తించదు. వారి పెళ్లికి తెగ ఆచారమే ఆధారం. కాబట్టి 2002 చట్టం కింద నమోదు చేయించుకుని, ఆచారాన్ని వివరించే అఫిడవిట్ జతచేయడం సరైన దారి. ఏజెంట్లు అందరికీ ఒకే నమూనా నింపే చోట ఈ తేడా కనపడకుండా పోతుంది.

మేనరికం: మేనత్త, మేనమామ పిల్లల మధ్య పెళ్లి, అక్క కూతురిని చేసుకోవడం తెలంగాణలో పాత ఆచారాలు. హిందూ వివాహ చట్టం ఈ బంధుత్వాలను నిషిద్ధాల జాబితాలో పెడుతూనే, ఆచారం ఒప్పుకుంటే మినహాయింపు ఇస్తుంది. కెనడా చట్టం పూర్వీకులు, సంతానం, తోబుట్టువుల మధ్య పెళ్లినే నిషేధిస్తుంది గనుక అక్కడ మేనరికానికి అడ్డు లేదు. బ్రిటన్‌లో మేనబావ పెళ్లి సరే, మేనమామ పెళ్లి నిషిద్ధం. అమెరికాలో పెళ్లి జరిగిన చోట చెల్లితే చెల్లినట్టే అన్నది సాధారణ సూత్రమైనా, కాపురం పెట్టబోయే రాష్ట్రపు చట్టాన్నీ చూస్తారు. తెలుగువారు అధికంగా ఉన్న టెక్సాస్ 2005లో మొదటి తరం కజిన్ల పెళ్లిని నిషేధించింది. కాలిఫోర్నియా, న్యూయార్క్‌లలో అటువంటి నిషేధం లేదు. బంధుత్వాన్ని దాచడం ఎక్కడా పనికిరాదు. రెండు వంశవృక్షాల్లో ఒకే తాత పేరు ఫారాల్లోనే బయటపడుతుంది.

పాత పెళ్లి, విడాకులు: పెద్దమనుషుల పంచాయతీలో స్టాంపు కాగితం మీద రాసుకున్న విడాకులు పల్లెల్లో మామూలే. ఆచార విడాకులను చట్టం పూర్తిగా తోసిపుచ్చలేదు గాని, ఆ కులంలో ఆ ఆచారం ఉందని రుజువు చేయాలి. విదేశీ అధికారి దాదాపు ఎప్పుడూ కోర్టు డిక్రీ అడుగుతాడు. విదేశీ కోర్టుల నుంచి వచ్చే డిక్రీలకూ హద్దులున్నాయి. లాయర్లు నరసింహారావు కేసుగా పిలిచే వ్యవహారంలో 1975లో తిరుపతిలో పెళ్లి చేసుకున్న భర్త అమెరికాలోని మిస్సౌరీ కోర్టు నుంచి విడాకులు తెచ్చుకుని, యాదగిరిగుట్టలో మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. భార్య అంగీకరించని పరిధిలో, హిందూ వివాహ చట్టంలో లేని కారణంతో ఇచ్చిన ఆ డిక్రీ ఇక్కడ చెల్లదని 1991 జులై 9న సుప్రీంకోర్టు తేల్చింది. అలాంటి డిక్రీ మీద ఆధారపడిన రెండో పెళ్లిని ఇక్కడ రిజిస్టర్ చేయించి స్పాన్సర్ చేయబోతే, మొదటి పెళ్లి ఇంకా బతికే ఉందన్న అభ్యంతరం ఎదురవుతుంది.

బంధం నిజమని రుజువు

నిరాకరణల్లో అత్యంత సున్నితమైనది, ఈ పెళ్లి వలస కోసమే జరిగిందన్న అనుమానం. అధికారి చూసే కొలమానం పాశ్చాత్య ప్రేమ వివాహం నమూనాది. పెద్దలు కుదిర్చిన పెళ్లిలో పెళ్లిచూపులకూ వరపూజకూ మధ్య పది రోజులే ఉండవచ్చు. మొదటి ఆషాఢంలో కొత్త కోడలు పుట్టింట్లో ఉండటం ఇక్కడ ఆచారం, అక్కడ అది ఎడబాటు. ఈ సందర్భాలను ముందే ఒక పేజీలో రాసి ఇవ్వడం వల్ల ఇంటర్వ్యూలో సగం ప్రశ్నలకు పదును తగ్గుతుంది.

ఫొటోల విషయం దగ్గరగా చూడదగ్గది. పెళ్లి ఫొటోగ్రాఫర్ ఇచ్చే కరిజ్మా ఆల్బమ్‌లో జంట వెనక స్విస్ మంచుకొండలుంటాయి, ముఖాలు నున్నగా మెరుస్తుంటాయి, బంధువులు నాలుగు పేజీలకు మించి కనిపించరు. రుజువుగా అది బలహీనం. జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, అప్పగింతల వేళ ఎవరో సెల్‌ఫోన్‌లో తీసిన, ఇరువైపులా తల్లిదండ్రులు గుర్తుపట్టేలా ఉన్న, తేదీ చెరగని ఫొటోలే అధికారికి పనికొస్తాయి. తర్వాతి నెలల కాల్ రికార్డులు, డబ్బు పంపిన రసీదులు, స్పాన్సర్ మళ్లీ వచ్చివెళ్లిన టికెట్లు, బీమా పాలసీలో నామినీ పేరు వాటి పక్కన చేరాలి. వేల పేజీల వాట్సాప్ చాట్ ముద్రించి పంపడం కంటే నెలకు రెండు మూడు పేజీల చొప్పున ఎంచి పంపడం మంచిది.

ఇంటర్వ్యూలో అడిగేవి చిన్న సంగతులు. పెళ్లిచూపులు ఎవరింట్లో జరిగాయి, మొదట ఎవరు ఫోన్ చేశారు, ఆయన ఏ షిఫ్టులో పనిచేస్తారు, ఆయన రూమ్‌మేట్ ఎవరు. కట్నం ప్రస్తావన వస్తే తడబడి అబద్ధం చెప్పడం ప్రమాదం. వలస చట్టంలో తప్పుడు సమాచారానికి శిక్ష వేరుగా ఉంది.

ముందు చెప్పని పెళ్లి

కెనడా దరఖాస్తుల్లో కోలుకోవడం కష్టమైన దెబ్బ ఇది. ఒంటరిగా శాశ్వత నివాసానికి దరఖాస్తు పెట్టి, అది విచారణలో ఉండగా ఊరొచ్చి పెళ్లి చేసుకుని, ఆ సంగతి వలస శాఖకు తెలపకుండా హోదా ధ్రువీకరించుకున్నవారు ఆ భార్యను కుటుంబ తరగతి కింద స్పాన్సర్ చేయలేరు. నిబంధనల్లో 117(9)(డి) దీన్నే చెబుతుంది. ఫైలు ఆలస్యమవుతుందని స్నేహితులు భయపెట్టడంతో దాచినవారూ ఉన్నారు. 2019 సెప్టెంబరులో తెచ్చిన ఒక ప్రత్యేక విధానం కొందరికి ఉపశమనం ఇచ్చింది. అలాగే స్పాన్సర్‌షిప్ మీద వచ్చి శాశ్వత నివాసి అయినవారు ఐదేళ్లు గడవకుండా కొత్త భాగస్వామిని స్పాన్సర్ చేయలేరు.

అమెరికాలో తేదీకి వేరే విలువ ఉంది. ఉద్యోగం మీద గ్రీన్ కార్డు రాకముందే పెళ్లయితే భార్యకు అదే దరఖాస్తు కింద హక్కు వస్తుంది. వచ్చిన మర్నాడు పెళ్లయినా ఎఫ్2ఏ వరుసే గతి. ముహూర్తం పెట్టే పంతులుకూ లాయరుకూ మధ్య ఒక ఫోన్ కాల్ ఖర్చుతో కొన్ని జంటల నిరీక్షణ తప్పేది.

నిరాకరణ తర్వాత

అదనపు ఆధారాలు కోరుతూ వచ్చే లేఖ నిరాకరణ కాదు. అమెరికాలో దీన్ని ఆర్‌ఎఫ్ఈ అంటారు, గడువు లేఖలోనే ఉంటుంది, జవాబు ఒక్కసారే ఇవ్వాలి. ఇంటర్వ్యూలో 221(జీ) చీటీ ఇస్తే కోరిన పత్రాలు ఏడాదిలోగా అందజేయాలి. ఐ-130 తిరస్కారంపై 30 రోజుల్లో బోర్డు ఆఫ్ ఇమిగ్రేషన్ అప్పీల్స్‌కు వెళ్లవచ్చు. వివాహ మోసం జరిగిందని ఒకసారి నమోదైతే మాత్రం ఆ వ్యక్తి కోసం మరెవరు అర్జీ పెట్టినా చెల్లదు. కాబట్టి అలాంటి నోటీసుకు సొంతంగా జవాబు రాయరాదు.

కెనడా ముందుగా న్యాయబద్ధత లేఖ పంపి వివరణ అడుగుతుంది. విదేశం నుంచి వచ్చిన కుటుంబ తరగతి దరఖాస్తు తిరస్కారమైతే స్పాన్సర్ 30 రోజుల్లో ఇమిగ్రేషన్ అప్పీల్ డివిజన్‌కు వెళ్లవచ్చు. అక్కడ విచారణ మొదటినుంచి జరుగుతుంది, తిరస్కారం తర్వాత పుట్టిన ఆధారాలూ చెల్లుతాయి, తెలుగు దుబాసీని కోరవచ్చు. కెనడా లోపలి నుంచి పెట్టిన భాగస్వామి దరఖాస్తుకు ఈ అప్పీలు లేదు, 15 రోజుల్లో ఫెడరల్ కోర్టుకే వెళ్లాలి. అధికారి ఫైల్లో రాసుకున్న నోట్సును సమాచార హక్కు కింద తెప్పించుకుని చదివాకే తర్వాతి అడుగు వేయడం మేలు. తప్పుడు సమాచారం రుజువైతే ఐదేళ్ల నిషేధం. బ్రిటన్‌లో విదేశం నుంచి అప్పీలుకు గడువు 28 రోజులు. ఆస్ట్రేలియాలో 2024 అక్టోబరు నుంచి కొత్త అడ్మినిస్ట్రేటివ్ రివ్యూ ట్రిబ్యునల్ ఈ కేసులు వింటోంది.

వైద్య కారణాలతో ఆగే ఫైళ్లలో క్షయ ముఖ్యం. ఎక్స్‌రేలో మచ్చ కనిపిస్తే కఫం కల్చర్ ఫలితం కోసం వారాలు పడుతుంది. అది వాయిదా మాత్రమే, నిరాకరణ కాదు.

బంధం చెడినప్పుడు

అర్జీ మధ్యలో స్పాన్సర్ వెనక్కి తీసుకుంటే దరఖాస్తు ఆగిపోతుంది. పెళ్లి చేసుకుని, కట్నం తీసుకుని, వీసా పంపుతానని చెప్పి కనపడకుండా పోయిన భర్తలపై ఫిర్యాదులకు తెలంగాణ పోలీసు మహిళా భద్రతా విభాగంలో ఎన్నారై సెల్, జాతీయ మహిళా కమిషన్‌లో 2009 నుంచి ఎన్నారై సెల్ ఉన్నాయి. విదేశాంగ శాఖ 'మదద్' పోర్టల్ 2015లో వచ్చింది. ఎన్నారై పెళ్లిళ్లను 30 రోజుల్లో నమోదు చేయాలంటూ 2019 ఫిబ్రవరిలో రాజ్యసభలో పెట్టిన బిల్లు చట్టం కాలేదు.

అక్కడికి వెళ్లాక హింసకు గురైన భార్యకు అమెరికాలో, భర్త పౌరుడో గ్రీన్ కార్డుదారో అయితే, 1994 చట్టం కింద సొంతంగా అర్జీ పెట్టుకునే హక్కు ఉంది. పెళ్లయి రెండేళ్లు నిండకుండా వచ్చినవారి గ్రీన్ కార్డు మీది షరతును మామూలుగా ఇద్దరూ కలిసి తొలగింపజేసుకోవాలి. హింస, విడాకుల సందర్భాల్లో ఒంటరిగానూ అడగవచ్చు. కెనడా రెండేళ్లు కలిసి ఉండాలన్న షరతును 2017లో ఎత్తివేసింది.

ఏజెంట్లు, బాధ్యత

హనుమకొండ, హైదరాబాద్‌లలో కన్సల్టెన్సీ బోర్డులకు కొదవ లేదు. కెనడా చట్టం ప్రకారం రుసుము తీసుకుని ప్రాతినిధ్యం వహించడానికి అక్కడి లాయర్లు, లైసెన్సు పొందిన కన్సల్టెంట్లు వంటి అధీకృత ప్రతినిధులకు మాత్రమే హక్కు ఉంది. ఆ కన్సల్టెంట్ల పేర్లను వారి నియంత్రణ సంస్థ జాబితాలో ఎవరైనా సరిచూసుకోవచ్చు. అమెరికా విషయంలో అక్కడి లైసెన్సు ఉన్న అటార్నీ లేదా గుర్తింపు పొందిన ప్రతినిధి మాత్రమే సలహా ఇవ్వగలరు. ఖాళీ ఫారం మీద సంతకం తీసుకుని తర్వాత నింపే ఏజెంటు ఏ దేశపు నిబంధనల్లోనూ లేడు. అతను రాసిన తప్పుకు నిషేధం పడేది మాత్రం సంతకం చేసినవారి పేరు మీదే.